ఐపీ పెడితే ఇల్లు ఆగుతుందా? అమెరికాలో ఫోర్‌క్లోజర్, చాప్టర్ 13

మన ఊళ్లలో ఎవరైనా ‘ఐపీ పెట్టాడు’ అంటే ఆ మనిషి పని అయిపోయినట్టే లెక్క. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట జనం నోళ్లలో నలిగి ఐపీ అయింది, దానితో పాటు అప్పులవాళ్లకి ఎగనామం పెట్టాడన్న నింద కూడా అంటుకుంది. ఆ నింద సముద్రం దాటి అమెరికా దాకా వచ్చింది. అక్కడ ఇల్లు కొనుక్కుని, ఉద్యోగం పోయి, నాలుగైదు వాయిదాలు తప్పిన తెలుగు కుటుంబానికి ‘బ్యాంక్‌రప్సీ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి’ అని చెబితే అదేదో తిట్టులా వినపడుతుంది. నలుగురిలో నామోషీ అని ముందు 401కె అనే రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా ఖాళీ చేస్తారు, తర్వాత క్రెడిట్ కార్డులు గీకుతారు, స్నేహితుల దగ్గర చేబదుళ్లు తీసుకుంటారు, ఊళ్లో నాన్నగారి చేత పొలం మీద అప్పు చేయిస్తారు. అన్నీ అయ్యాక, ఫోర్‌క్లోజర్ వేలం, అంటే బాకీ పడ్డ ఇంటిని బ్యాంక్ అమ్మేసే వేలం, ఇంక వారం ఉందనగా లాయర్ దగ్గరికి వెళతారు. అప్పటికి దివాలా చట్టం కాపాడగలిగిన వాటిలో చాలా భాగం తమ చేతులతో తామే ఖర్చు పెట్టేసి ఉంటారు.

అసలు మన ఐపీకీ అమెరికా బ్యాంక్‌రప్సీకీ పోలిక చాలా తక్కువ. భారతదేశంలో మామూలు మనిషి దివాలా పిటిషన్ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే వేస్తారు. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, మనుషులకు సంబంధించిన భాగాన్ని కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకి మాత్రమే అమల్లోకి తెచ్చారు. ఆ 1920 చట్టంలో తాకట్టు పెట్టుకున్న వాడి హక్కుకి అడ్డు లేదు. అంటే ఐపీ పెట్టినంత మాత్రాన హోమ్ లోన్ ఇచ్చిన బ్యాంక్ ఆగనక్కర్లేదు, సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే పని తన దారిన తను చేసుకోవచ్చు. అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ 1978లో వచ్చిన దివాలా కోడ్‌లోని సెక్షన్ 362 ప్రకారం పిటిషన్ కోర్టులో పడిన క్షణం నుంచి అప్పులవాళ్లందరూ ఆగాలి. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంక్ కూడా ఆగాలి. దీన్నే ఆటోమేటిక్ స్టే అంటారు. ఇందులో ఆటోమేటిక్ అన్న మాట చాలా ముఖ్యం, ఎందుకంటే జడ్జి సంతకం కోసం, విచారణ కోసం చూడక్కర్లేదు. పిటిషన్ నంబర్ వచ్చిందంటే స్టే వచ్చినట్టే.

ఇది ఎంత దగ్గర వ్యవహారమో తెలియాలంటే టెక్సస్‌ని చూడాలి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు ఎంతమంది ఇళ్లు కొన్నారో చెప్పక్కర్లేదు. టెక్సస్‌లో బ్యాంక్ కోర్టుకి వెళ్లకుండానే ఇల్లు వేలం వేసేయొచ్చు. సొంతంగా ఉండే ఇల్లయితే బాకీ కట్టమని ముందు కనీసం 20 రోజుల గడువు ఇవ్వాలి, ఆ తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు నోటీసు పంపాలి, కౌంటీ క్లర్క్ దగ్గర దాఖలు చేయాలి, అంతే. వేలం మామూలుగా నెలలో మొదటి మంగళవారం, పొద్దున 10 నుంచి సాయంత్రం 4 లోపు జరుగుతుంది. మార్ట్‌గేజ్ (ఇంటి తాకట్టు) వేలంలో పోయిన ఇంటిని డబ్బు కట్టి మళ్లీ వెనక్కి తెచ్చుకునే హక్కు అక్కడ లేదు. సోమవారం రాత్రి పిటిషన్ పడితే మంగళవారం వేలం ఆగుతుంది. మంగళవారం మధ్యాహ్నం వేలంలో ఇల్లు పోయాక సాయంత్రం పిటిషన్ వేస్తే లాభం లేదు. న్యూజెర్సీలో అయితే ఫోర్‌క్లోజర్ కోర్టు ద్వారానే జరగాలి కాబట్టి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, ఎడిసన్‌లో ఉన్నవాళ్లకి ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. కాలిఫోర్నియాలో డిఫాల్ట్ నోటీసు నమోదయ్యాక దాదాపు మూడు నెలలు, ఆ తర్వాత వేలం నోటీసుకి ఇరవై రోజులు. ఎక్కడ ఉన్నా ఒకటే గీత, వేలంలో ఇల్లు అమ్ముడు కాకముందే పిటిషన్ పడాలి.

హడావుడిలో వేసే పిటిషన్‌కి మొత్తం కాగితాలు ఒకేసారి అక్కర్లేదు. ప్రధాన పిటిషన్, అప్పులవాళ్ల జాబితా, సోషల్ సెక్యూరిటీ నంబర్ పత్రం ఇస్తే కేసు మొదలవుతుంది, ఆస్తులు, ఆదాయం వివరాలన్నీ 14 రోజుల్లో ఇవ్వొచ్చు. కానీ ఒక చిన్న మెలిక ఉంది. ప్రభుత్వం ఆమోదించిన సంస్థ దగ్గర క్రెడిట్ కౌన్సెలింగ్ అనే చిన్న క్లాసు పిటిషన్‌కి ముందే పూర్తిచేసి ఉండాలి, 2005 సవరణలో పెట్టిన నిబంధన ఇది. ఆన్‌లైన్‌లోనే, గంటా గంటన్నరలో అయిపోతుంది, అదే రోజు చేసినా సరిపోతుంది. అది మర్చిపోతే కేసు కొట్టేస్తారు, కేసుతో పాటే స్టే కూడా పోతుంది. ఇంత చిన్న విషయానికి ఇల్లు పోగొట్టుకోవడం నిజంగా బాధాకరం. పిటిషన్ పడ్డాక కేసు నంబర్‌ని బ్యాంక్ తరఫు లాయర్‌కి, వేలం నడిపేవాళ్లకి వెంటనే పంపాలి. వాళ్లకి తెలియకుండా వేలం జరిగిపోయినా కోర్టు దాన్ని పక్కన పెట్టగలదు గానీ, అదంతా మళ్లీ ఒక పోరాటం.

ఇంతవరకు విన్నవాళ్లకి ఇల్లు దక్కినట్టే అనిపిస్తుంది. దక్కలేదు. స్టే ఆపేది వేలాన్ని, బాకీని కాదు. ఆ తర్వాత ఏం జరగాలన్నది దివాలా కోడ్‌లోని ఏ చాప్టర్ (అధ్యాయం) కింద పిటిషన్ వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

చాప్టర్ 7లో అప్పులు కొట్టేస్తారు. చట్టం అప్పులవాళ్ల నుంచి మినహాయించని ఆస్తి ఏమైనా ఉంటే, కేసు చూసుకోవడానికి నియమించిన ట్రస్టీ దాన్ని అమ్మి అప్పులవాళ్లకి పంచుతారు, సుమారు నాలుగు నెలల్లో క్రెడిట్ కార్డులు, ఆస్పత్రి బిల్లుల లాంటివి రద్దయిపోతాయి. ఇంటి మీద తాకట్టు హక్కు మాత్రం చెక్కుచెదరదు. తప్పిన వాయిదాలు తీర్చుకోవడానికి చాప్టర్ 7లో దారి లేదు. వేలం రెండు మూడు నెలలు వాయిదా పడుతుంది, అంతకంటే తొందరగానే బ్యాంక్ కోర్టుకి వెళ్లి స్టే ఎత్తేయించుకోవచ్చు కూడా. ఇల్లు వదిలేయాలని నిర్ణయించుకున్నవాళ్లకి ఇది పనికొస్తుంది, ఎందుకంటే వేలంలో బాకీ కంటే తక్కువ వస్తే మిగిలిన తేడా కోసం టెక్సస్ లాంటి చోట్ల బ్యాంక్ రెండేళ్లలోపు దావా వేయొచ్చు, చాప్టర్ 7 డిశ్చార్జ్, అంటే అప్పుల రద్దు ఆర్డర్, ఆ భయాన్ని తీసేస్తుంది. దివాలాలో రద్దయిన అప్పుని ఆదాయంగా చూపి పన్ను కట్టాల్సిన పని కూడా ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఇల్లు వదిలేశాం కదా అని హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) డబ్బులు మర్చిపోకూడదు, పిటిషన్ తర్వాత పడే హెచ్‌ఓఏ బకాయిలు ఇల్లు పేరు మారేదాకా పాత యజమాని నెత్తినే ఉంటాయి.

ఇల్లు నిలబెట్టుకోవాలంటే ఉన్న దారి చాప్టర్ 13. ఇది జీతగాళ్ల కోసం పుట్టిన పద్ధతి, 1930లలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో కూలీల అప్పులు వాయిదాల్లో తీర్పించే ప్రయత్నంగా మొదలై 1938లో చట్టంలోకి ఎక్కింది. తప్పిన వాయిదాలన్నీ కలిపి మూడు నుంచి ఐదేళ్లలో తీరుస్తామని కోర్టుకి ఒక ప్లాన్ ఇవ్వాలి, కోర్టు ఒప్పుకుంటే బ్యాంక్ ఒప్పుకోకపోయినా అది అమలవుతుంది. బ్యాంక్‌తో నెలల తరబడి ఫోన్లో వేలాడి, పంపిన కాగితాలే మళ్లీ మళ్లీ పంపి విసిగిపోయినవాళ్లకి ఇదెంత పెద్ద మార్పో చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ‘మొత్తం బాకీ ఒకేసారి కట్టు’ అన్న బ్యాంక్ ఇప్పుడు కోర్టు చెప్పిన వాయిదాలు తీసుకోవాలి.

లెక్క వేసి చూస్తే సంగతి తేటగా తెలుస్తుంది. నెల వాయిదా 3,200 డాలర్లు అనుకుందాం. ఎనిమిది నెలలు తప్పితే 25,600. దాని మీద లేట్ ఫీజులు, బ్యాంక్ లాయర్ ఖర్చులు మరో 3,400 అనుకుంటే బాకీ 29,000. అరవై నెలలకి పంచితే నెలకి సుమారు 483. దీనిమీద ట్రస్టీకి 10 శాతం దాకా కమిషన్ ఉంటుంది కాబట్టి 535 దగ్గర పెట్టుకోవాలి. కానీ ఇది అదనంగా కట్టాల్సింది, పాత 3,200 ఎక్కడికీ పోలేదు, అది ప్రతి నెలా కట్టాల్సిందే. అంటే నెలకి 3,735. కొన్ని కోర్టుల్లో మామూలు వాయిదా కూడా ట్రస్టీ ద్వారానే కట్టాలంటారు, అప్పుడు దాని మీదా కమిషన్ పడుతుంది. కారు లోన్, బాకీ పన్నులు, లాయర్ ఫీజులో మిగిలింది, ఇవన్నీ కూడా ఈ ప్లాన్‌లోకే వస్తాయి. 3,200 కట్టలేక బాకీ పడ్డ ఇంటి మీద 3,735 ఎలా కడతారన్న ప్రశ్నకి నిజాయితీగా జవాబు ఉండాలి. ఉద్యోగం పోయి మళ్లీ వచ్చింది, జబ్బు చేసి తగ్గింది, విడాకుల గొడవ ఒక కొలిక్కి వచ్చింది, ఇలా కష్టం వచ్చిపోయినదైతే చాప్టర్ 13 బాగా పనిచేస్తుంది. ఇంటి వాయిదా మొదటినుంచీ జీతానికి మించినదైతే ఐదేళ్ల ప్లాన్ ఐదు నెలల్లోనే కూలుతుంది. ప్లాన్ మొదలుపెట్టి పూర్తి చేయలేనివాళ్లు చాలా ఎక్కువ, అందులో ఎక్కువమంది తడబడేది పాత బాకీ దగ్గర కంటే పిటిషన్ తర్వాత వచ్చే మామూలు వాయిదాల దగ్గరే. మొదటి ప్లాన్ చెల్లింపు కూడా కోర్టు ఒప్పుకునేదాకా ఆగదు, పిటిషన్ వేసిన 30 రోజుల్లోపే మొదలుపెట్టాలి.

ఇంటి అప్పు అసలుని తగ్గించమని గానీ, వడ్డీ రేటు మార్చమని గానీ కోర్టుని అడగొచ్చా అంటే సొంతంగా ఉండే ఇంటికి కుదరదు. సొంత ఇంటి తాకట్టు షరతుల్ని మార్చకూడదని చట్టమే అంటుంది, ఇంటి విలువ అప్పు కంటే పడిపోయినా సరే మార్చడానికి లేదని 1993లో నోబెల్‌మన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అద్దెకిచ్చిన రెండో ఇంటి అప్పుని, వ్యాపారం కోసం కొన్న ఆస్తి అప్పుని తగ్గించుకునే వీలుంది గానీ, పిల్లలతో నివసించే ఇంటికి ఆ వీలు లేదు. ఇది తలకిందులు న్యాయం అనిపించడంలో తప్పేమీ లేదు. 2008 సంక్షోభం తర్వాత దీన్ని మార్చే బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గింది, 2009 ఏప్రిల్ 30న సెనేట్‌లో 45-51 ఓట్లతో వీగిపోయింది. ఆ రోజు పోయిన అవకాశం మళ్లీ రాలేదు. రెండో మార్ట్‌గేజ్ ఉంటే మాత్రం ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఇంటి విలువ మొదటి అప్పుకే చాలనప్పుడు చాప్టర్ 13లో రెండోదాన్ని చాలా కోర్టులు మామూలు అప్పుగా మార్చి పక్కకి తీస్తాయి. చాప్టర్ 7లో అలా కుదరదని 2015లో సుప్రీం కోర్టు తేల్చేసింది.

బ్యాంక్ కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. వాయిదాలు మళ్లీ తప్పుతున్నాయనో, ఇంటి ఇన్సూరెన్స్ లేదనో చూపించి స్టే ఎత్తేయమని అడుగుతుంది, తగిన కారణం ఉంటే కోర్టు ఎత్తేస్తుంది. ‘ఈ నెల ఒక పిటిషన్ వేసి ఆపుదాం, కొట్టేస్తే ఇంకోటి వేద్దాం’ అనుకునేవాళ్లకి 2005 సవరణ గట్టిగా అడ్డం పడింది. ఒక కేసు కొట్టేశాక ఏడాదిలోపు రెండోది వేస్తే స్టే 30 రోజులే ఉంటుంది, ఆ లోపల నిజాయితీగానే వేశామని జడ్జిని ఒప్పిస్తేనే పొడిగింపు. ఏడాదిలో మూడోది అయితే స్టే తనంతట తాను రాదు. బ్యాంక్‌ని ఏడిపించడానికే వరసగా వేస్తున్నారని కోర్టుకి అనిపిస్తే, ఆ ఇంటి మీద రెండేళ్లపాటు ఎవరు పిటిషన్ వేసినా స్టే వర్తించకుండా ఆర్డర్ ఇవ్వగలదు. అందుకే మొదటి పిటిషన్‌నే సరిగ్గా వేయాలి. మంగళవారం గండం గడిస్తే చాలన్న ఆలోచనతో వేసిన మొదటి పిటిషన్, నిజంగా ఉద్యోగం దొరికాక వేయాల్సిన రెండోదాన్ని పాడుచేస్తుంది.

హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ లెక్క ఇంకా కష్టం. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికే గడువు 60 రోజులే. చాప్టర్ 13కి చట్టం అడిగే మొదటి అర్హత క్రమమైన ఆదాయం. జీతం లేనప్పుడు ప్లాన్ లేదు. అయితే జీవితభాగస్వామి జీతం, అద్దె రాబడి లాంటివి కూడా ఆదాయమే కాబట్టి ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం ఉన్న ఇంట్లో పరిస్థితి వేరు. ఇద్దరిదీ పోయి ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే, ఇంట్లో ఈక్విటీ (ఇంటి విలువలో అప్పు పోను మిగిలేది) ఉన్నంతలో వేలానికి ముందే తామే అమ్ముకోవడం మంచిది, వేలంలో వచ్చే ధర ఎప్పుడూ తక్కువే. ఇక దివాలా తీస్తే వీసా రద్దవుతుందా, గ్రీన్ కార్డ్ ఆగుతుందా అన్న భయం తెలుగు ఇళ్లలో చాలా ఉంది. దివాలా పిటిషన్ నేరం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. అది వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, అమెరికాలో నివాసమో, వ్యాపారమో, ఆస్తో ఉంటే చాలు. పిటిషన్ వేసినంత మాత్రాన వీసాకి అనర్హత రాదు. కానీ పిటిషన్‌లో అబద్ధం చెప్పి మోసం కేసు పడితే, అది మాత్రం నిజంగానే వీసాకి ముప్పు తెస్తుంది.

అబద్ధం అనగానే ఇండియా ఆస్తుల సంగతి వస్తుంది, తెలుగువాళ్లు అందరికంటే ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. అమెరికా దివాలా చట్టం ఆస్తి ‘ఎక్కడ ఉన్నా, ఎవరి చేతిలో ఉన్నా’ లెక్కలోకి తీసుకుంటుంది. శంషాబాద్ దగ్గర కొని వదిలేసిన ప్లాట్, అమరావతిలో పెట్టిన గజాలు, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్, లాకర్‌లో పెళ్లి నగలు, సగం పాడుకున్న చీటీ, పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం, అన్నీ రాయాలి. నాన్నగారి పేరు మీద ఉంది కదా, మనదెలా అవుతుంది అంటారు. ఆయన స్వార్జితమైతే మనది కాదు, నిజమే. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే పంపకం జరగకపోయినా వాటా ఉంటుంది, 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత కూతుళ్లకీ పుట్టుకతోనే ఆ వాటా ఉంది. ఆ వాటా కూడా ఆస్తే. డబ్బు మనది, పేరు తమ్ముడిది అయితే అదీ చెప్పాలి. పిటిషన్ వేసిన 180 రోజుల్లోపు ఎవరైనా పోయి వారసత్వం వస్తే అది కూడా కేసులోకి వస్తుంది. ఈ కాగితాల మీద సంతకం ప్రమాణంతో సమానం, ఆస్తి దాచడం ఐదేళ్ల దాకా జైలు పడగల ఫెడరల్ నేరం.

చెప్పినంత మాత్రాన పోతుందని కాదు. చాప్టర్ 13లో ఆస్తి చేతిలోనే ఉంటుంది, కానీ చాప్టర్ 7లో అమ్మి ఉంటే అప్పులవాళ్లకి ఎంత దక్కేదో కనీసం అంతైనా ప్లాన్ ద్వారా ఇవ్వాలి. అంటే హైదరాబాద్‌లో ప్లాట్ విలువ, మినహాయింపులు పోను, క్రెడిట్ కార్డుల వాళ్లకి ఐదేళ్లలో చేరాలి. అప్పుడు చాలామందికి అసలు దివాలా కంటే ఆ ప్లాట్ అమ్మి బాకీ కట్టేయడమే నయం అని తేలుతుంది. ఇది ముందే కూర్చుని లెక్క వేసుకుంటే బయటపడే నిజం, వేలానికి మూడు రోజుల ముందు కంగారులో కనపడదు. కొందరు పిటిషన్‌కి ముందు ప్లాట్‌ని బావమరిది పేరు మీదకి మార్చేస్తారు. రెండేళ్ల లోపు జరిగిన అలాంటి బదిలీలను ట్రస్టీ తవ్వి రద్దు చేయించగలరు, అప్పులవాళ్లని మోసం చేయడానికి ఏడాది లోపు చేసినదైతే చాప్టర్ 7లో అప్పుల రద్దే ఇవ్వరు.

చేబదుళ్లది ఇంకో చిక్కు. కష్టంలో ఆదుకున్న స్నేహితుడికీ అక్కయ్యకీ ముందు తీర్చేయాలనిపించడం సహజం, మన పద్ధతే అది. దివాలా చట్టం దీన్ని ఒప్పుకోదు. పిటిషన్‌కి ముందు 90 రోజుల్లో కొందరికి మాత్రం తీర్చి మిగతావాళ్లని వదిలేస్తే, ఆ డబ్బుని ట్రస్టీ వెనక్కి రాబట్టొచ్చు. దగ్గరి బంధువులైతే ఆ గడువు ఏకంగా ఏడాది. అక్కయ్యకి 15,000 డాలర్లు తిరిగిచ్చిన ఎనిమిది నెలలకి కోర్టు నుంచి ఆమెకి నోటీసు వెళ్లడం కంటే పెద్ద నామోషీ ఏముంటుంది. స్నేహితుల అప్పులూ జాబితాలో రాయాలి, వాళ్లకీ కోర్టు కాగితం వెళుతుంది. కేసు ముగిశాక ఇష్టపూర్వకంగా తిరిగి ఇవ్వడానికి చట్టం అడ్డు చెప్పదు.

ఇక 401కె. ఈ ఒక్క విషయం గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కంపెనీ 401కెలో ఉన్న డబ్బుని దివాలాలో అప్పులవాళ్లు ముట్టుకోలేరు, 1992లో సుప్రీం కోర్టు తీర్పుతో ఇది స్థిరపడింది. లక్ష డాలర్లున్నా అది భద్రమే. ఆ డబ్బుని ముందే తీస్తే మామూలుగా 10 శాతం జరిమానా, పైన పన్ను. పదిహేనేళ్లు కూడబెట్టింది తీసి ఏడెనిమిది నెలల వాయిదాలు కట్టి, ఆ తర్వాత కూడా ఉద్యోగం రాక ఇల్లు పోయినవాళ్లకి రెండూ పోయినట్టు. కొత్త ఉద్యోగం ఖాయమై, తేదీ చేతిలో ఉంటే తీయడంలో అర్థం ఉందేమో. ఏమీ తెలియని చీకట్లో తీయకూడదు.

ఈక్విటీ ఎక్కువున్న ఇంటికి రాష్ట్రం ముఖ్యం. టెక్సస్ సొంత ఇంటికి విలువతో సంబంధం లేకుండా మామూలు అప్పులవాళ్ల నుంచి రక్షణ ఇస్తుంది, కానీ ఇల్లు కొని 1,215 రోజులు, అంటే సుమారు మూడేళ్ల నాలుగు నెలలు కాకపోతే ఆ రక్షణ 214,000 డాలర్ల దగ్గర ఆగుతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకి పాత రాష్ట్రం లెక్కలు వర్తించొచ్చు. న్యూజెర్సీకి సొంత ఇంటి మినహాయింపు లేదు, ఫెడరల్ చట్టం ఇచ్చే 31,575 డాలర్లనే వాడుకోవాలి, భార్యాభర్తలిద్దరూ యజమానులై కలిసి వేస్తే దానికి రెట్టింపు. చాప్టర్ 13కి అప్పుల పరిమితి కూడా ఉంది, 2025 ఏప్రిల్ 1 నుంచి తాకట్టు అప్పులు 1,580,125 డాలర్లు, మామూలు అప్పులు 526,700 డాలర్లు దాటకూడదు. డాలస్‌లో ఇది సమస్య కాదు గానీ, బే ఏరియాలో ఫ్రీమాంట్ లాంటి చోట ఒక ఇల్లు, అద్దెకిచ్చిన ఇంకో ఇల్లు ఉన్నవాళ్లు సులభంగా దాటేస్తారు, అప్పుడు ఎక్కువగా వ్యాపారాలు వాడే, ఎంతో ఖరీదైన చాప్టర్ 11 తప్ప దారి ఉండదు.

దివాలాకి ముందు చేయాల్సిన పని కూడా ఉంది. ఫెడరల్ నిబంధనల ప్రకారం సొంత ఇంటి వాయిదా 120 రోజులకి మించి తప్పేదాకా బ్యాంక్ ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. ఈ నాలుగు నెలలు బంగారం లాంటివి. లోన్ మాడిఫికేషన్‌కి (అప్పు షరతుల మార్పుకి) పూర్తి దరఖాస్తు వేలానికి 37 రోజుల కంటే ముందు ఇస్తే, దాని సంగతి తేల్చకుండా వేలం వేయడానికి లేదు. ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వ బీమా ఉన్న) లోన్ అయితే తప్పిన వాయిదాల్ని వడ్డీ లేకుండా అప్పు చివరికి జరిపే పద్ధతి ఒకటుంది. హడ్ అనే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లు ఇలాంటివాటికి డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు. నోటీసు వచ్చిన కవర్లు భయంతో విప్పకుండా డ్రాయర్‌లో పడేయడం మాత్రం చేయకూడదు, వేలం తేదీ వాటిలోనే ఉంటుంది.

ఫోర్‌క్లోజర్ నోటీసు కౌంటీ రికార్డుల్లోకి ఎక్కగానే ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు మొదలవుతాయి. ‘డీడ్‌లో చిన్న వాటా మా పేరు మీద రాయండి, వేలం మేం ఆపుతాం’, ‘వాయిదాలు బ్యాంక్‌కి కాదు మాకు కట్టండి’, ‘కాగితం మీద ఊరికే సంతకం పెట్టండి’. ఇందులో కొందరు ఇంటివాళ్లకి చెప్పకుండానే వాళ్ల పేరు మీద కాగితాలు లేని పిటిషన్ ఒకటి వేసి, నెల రోజుల ఫీజు వసూలు చేసుకుని మాయమవుతారు. ఆ పిటిషన్ కొట్టేశాక, అసలైన పిటిషన్‌కి స్టే 30 రోజులకి కుదించుకుపోతుంది. దివాలా విషయంలో సలహా ఇవ్వాల్సింది లైసెన్స్ ఉన్న లాయర్ మాత్రమే. చాప్టర్ 13కి కోర్టు ఫీజు 313 డాలర్లు, చాప్టర్ 7కి 338. చాప్టర్ 13లో లాయర్ ఫీజులో చాలా భాగం ప్లాన్‌లోనే కలిపి కట్టుకోవచ్చు కాబట్టి చేతిలో డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు.

క్రెడిట్ రిపోర్ట్‌లో చాప్టర్ 7 పదేళ్లు, చాప్టర్ 13 మామూలుగా ఏడేళ్లు కనపడుతుంది. ఫోర్‌క్లోజర్ కూడా ఏడేళ్లు ఉంటుంది, కాబట్టి క్రెడిట్ స్కోర్ కోసం దివాలా వద్దనుకుని ఇల్లు వేలానికి వదిలేయడంలో లాభం లేదు. ఆఫీసులో తెలుస్తుందేమో అన్న టెన్షన్‌కి కొంత ఆధారం ఉంది, కొన్ని కోర్టుల్లో ప్లాన్ డబ్బు జీతం నుంచే కోత పడుతుంది. అయితే దివాలా తీశారన్న ఒక్క కారణంతో ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టం ప్రైవేట్ కంపెనీలకి కూడా చెబుతుంది.

ఐదేళ్లూ కట్టిన తర్వాత కూడా ఒక పని మిగులుతుంది. ప్లాన్ చివర్లో ట్రస్టీ బ్యాంక్‌కి నోటీసు పంపుతారు, పాత బాకీ తీరిందా, మామూలు వాయిదాలు సరిగ్గా ఉన్నాయా అని, దానికి బ్యాంక్ కోర్టులో జవాబు చెప్పాలి. ఇక్కడే ఐదేళ్ల నాటి ఏదో ఫీజు, జమ కాని ఒక వాయిదా తేలడం మామూలే. ఆ జవాబుని చదవకుండా వదిలేస్తే కేసు మూసేశాక మళ్లీ బాకీ నోటీసు మొదలవుతుంది. ట్రస్టీకి కట్టిన ప్రతి చెల్లింపు రికార్డు, బ్యాంక్‌కి నేరుగా కట్టిన ప్రతి నెల రసీదు, ఎస్క్రో (ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం వాయిదాతో పాటు కట్టించుకునే మొత్తం) మారినప్పుడల్లా బ్యాంక్ పంపిన నోటీసు, ఇవి ఒక ఫైల్‌లో ఉన్నవాళ్లు ఆ లెక్కని అప్పుడే సరిచేయించుకోగలరు.